కరెంటుకు కూడా టైం టేబుల్ కావాలి

ఈసారి గోడ పత్రికలో సైన్సు పాఠం రాసే వంతు నాకు వచ్చింది. నేను కరెంటు మీటరు గురించి రాస్తున్నాను.

మా అన్న హైదరాబాదులో హైటెక్ సిటీ దగ్గర ఒక పెద్ద ఆఫీసు బిల్డింగుకు సెక్యూరిటీ పని చేస్తాడు. దసరా సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఇట్లా చెప్పాడు. "ఎండాకాలంలో లోపల వాళ్ళు చలికి స్వెట్టరు వేసుకుంటారు. గేటు దగ్గర మేము చెమటతో తడుస్తాం." నాకు నవ్వు వచ్చింది. తర్వాత లెక్క కట్టాను. ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు 1500 వాట్లు తీసుకుంటుంది. మా ఇంట్లో బల్బు 9 వాట్లు. అంటే ఒక్క ఏసీ 166 బల్బులకు సమానం. మా గూడెం మొత్తంలో అన్ని బల్బులు లేవు.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998 నవంబరులో మొదలైంది. ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి అంతా అద్దాల బిల్డింగులే. అన్నిట్లో ఏసీలు ఒకేసారి నడిస్తే ఏమవుతుంది?

వడ్లను గాదెలో పోసి దాచుకుంటాం. కరెంటును అంత సులువుగా దాచలేం. ఎంత వాడుతున్నామో అంత అప్పటికప్పుడే తయారు కావాలి. బండి మీద బరువు పెరిగితే ఎడ్ల నడక తగ్గుతుంది కదా! అట్లాగే వాడకం ఎక్కువైతే జనరేటర్ల వేగం తగ్గుతుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగాలి. దీన్ని 50 హెర్ట్జ్ అంటారు. ఇది మరీ తగ్గితే లైన్లు వాటంతట అవే ఆగిపోతాయి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతంలో గ్రిడ్ కూలింది. రెండో రోజు తూర్పు, ఈశాన్య రాష్ట్రాలతో కలిపి సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైంది. అప్పుడు మన దక్షిణ గ్రిడ్ వేరుగా ఉండేది కాబట్టి మనకు ఏమీ కాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు – షోలాపూర్ లైనుతో మనం కూడా కలిశాం. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్.

వాడకం పెరిగినప్పుడు కొత్త పవర్ స్టేషన్ కట్టడం ఒక దారి. ఆ గంట సేపు వాడకం తగ్గించడం ఇంకో దారి. రెండో దాన్ని డిమాండ్ రెస్పాన్స్ అంటారు. "ఇప్పుడు లోడు ఎక్కువుంది" అని బిల్డింగుకు కబురు వస్తుంది. వాళ్ళు ఏసీని 23 డిగ్రీల నుంచి 25కు పెంచుతారు. నీళ్ళ మోటారు తర్వాత వేస్తారు. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుంది.

ఎవరు ఎప్పుడు ఎంత వాడారో తెలియాలంటే స్మార్ట్ మీటరు ఉండాలి. పాత మీటరును నెలకొకసారి మనిషి వచ్చి చూసి రాసుకుంటాడు. స్మార్ట్ మీటరు 15 నిమిషాలకో, అరగంటకో లెక్క రాసుకుని ఆఫీసుకు తానే పంపుతుంది. హైదరాబాదు జీడిమెట్ల పారిశ్రామిక ప్రాంతంలో సుమారు 12 వేల కనెక్షన్లకు ఇట్లాంటి పని ప్రయోగంగా పెట్టారు. దేశం మొత్తంలో అట్లాంటి ప్రయోగాలకు తీసుకున్న 14 చోట్లలో అదొకటి. 2023లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన రూల్స్ ప్రకారం ఎండ ఉండే 8 గంటల్లో రేటు తక్కువ, వాడకం ఎక్కువ ఉండే గంటల్లో ఎక్కువ ఉండాలి.

నాకు ఒక సందేహం వచ్చింది. మా ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను. మా అమ్మ ఏం తగ్గిస్తుంది? చీకట్లో వండలేదు కదా. అందుకే ఎక్కువ వాడేవాళ్ళే ముందు తగ్గించాలి అని నా అభిప్రాయం.

ఇప్పుడు మన హాస్టల్ సంగతి. సాయంత్రం 7 గంటలకు స్టడీ అవర్. అదే టైంకు మోటారు వేస్తారు. ట్యూబులైట్లు డల్ అవుతాయి, ఒక్కోసారి ఫ్యూజు పోతుంది. పోయిన నెలలో నాలుగు రోజులు పదో తరగతి అక్కలు కొవ్వొత్తి పెట్టుకుని చదివారు.

నేను, నా స్నేహితురాలు వరండాలో మీటరు చూశాం. ముట్టుకోలేదు. దాని మీద ఎర్ర లైటు 800 సార్లు వెలిగితే ఒక యూనిట్ అని రాసి ఉంది. మోటారు లేనప్పుడు నిమిషానికి 40 సార్లు వెలిగింది. గంటకు 2400 సార్లు, అంటే 3 యూనిట్లు. మోటారు వేశాక నిమిషానికి 90 సార్లు. గంటకు 5400 సార్లు, అంటే 6.75 యూనిట్లు. హాస్టల్ మొత్తం లైట్లు, ఫ్యాన్ల కంటే ఒక్క మోటారే ఎక్కువ!

మేడమ్ గారూ, మేము క్లాసులో ఉన్నప్పుడు, మధ్యాహ్నం 2 గంటలకు మోటారు వేస్తే బాగుంటుంది. వాచ్‌మన్ అన్నను అడిగాను. "మధ్యాహ్నం నింపితే రాత్రికల్లా ట్యాంకు ఖాళీ అయితది బిడ్డా, మీరు నల్లాలు బంద్ చెయ్యరు" అన్నాడు. అది నిజమే. కాబట్టి తప్పు మనది కూడా. నల్లాలు కట్టే పని మా తొమ్మిదో తరగతి తీసుకుంటుంది. ఒక వారం చూద్దాం. పరీక్షలు దగ్గర పడ్డాయి.

ఇంటి లెక్క: మీ ఇంట్లో ఎన్ని వాట్లు ఉన్నాయో రాసుకుని రండి. ఒక ఏసీతో పోల్చండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని