లెక్టినులు: రక్షక కణములను ఎన్నియిచ్చు గింజలు

మన శరీరమందలి ప్రతి కణముయొక్క ఉపరితలమున చక్కెర జాతి అణువులు గొలుసులుగా అమరియుండును. కొన్ని గింజలలోని ప్రోటీనులు ఈ చక్కెరలలో తమకు తగినదానినే ఎన్నుకొని అంటుకొనును. వీనికి లెక్టినులని పేరు. ‘ఎన్నుకొనుట’ అను అర్థముగల లాటిను ధాతువునుండి విలియం బాయ్డ్ 1954లో ఈ పదమును కల్పించెను. అంతకు పూర్వమే, 1951లో, ఉలవల సారము ‘ఎ’ వర్గపు ఎర్ర కణములను ముద్దగట్టించునని జి. డబ్ల్యు. జి. బర్డ్ బెంగుళూరు పత్రికయగు ‘కరెంట్ సైన్స్’లో ప్రకటించెను.

రక్షక కణముల గుర్తింపు

రోగములతో పోరాడు లింఫోసైటులు సూక్ష్మదర్శినిలో ఇంచుమించు ఒకే తీరున కనబడును; కాని వాని పనులు వేరు. థైమస్ గ్రంథిలోని లేత టి కణములకు వేరుసెనగ లెక్టిను అంటుకొనును. కణము ముదిరినకొలది సియాలికామ్లము ఆ చక్కెరను కప్పివేయును. అప్పుడు లెక్టిను అంటుకొనజాలదు. ఈ భేదమును నాథన్ షారోన్, యాయిర్ రైస్నర్ ప్రభృతులు 1976లో ఎలుకలలో చూపిరి. పిదప మానవ కణములందును ఇట్టి భేదమే కనబడెను.

ప్రాణరక్షణ

రక్షణశక్తి లేకుండ జన్మించిన శిశువునకు ఎముక మజ్జ మార్పిడి అవసరమగును. తల్లి లేక తండ్రి మజ్జ సగమే సరిపోలును. అందలి ముదిరిన టి కణములు శిశువు శరీరముపైననే దాడి సల్పవచ్చును. మజ్జకు సోయా చిక్కుడు లెక్టిను కలిపినచో ముదిరిన కణములు చాలవరకు ముద్దగట్టి వేరుపడును, మూలకణములు మిగులును. శేషించిన టి కణములను గొఱ్ఱె ఎర్ర కణముల సాయమున తొలగింతురు. ఈ విధమున చేసిన మార్పిడుల ఫలితములు 1983లో ప్రకటింపబడెను.

1975లో ఏకరూప యాంటీబాడీల తయారీ కనుగొనబడిన పిమ్మట కణములను గుర్తించు పని క్రమముగా వానికి సంక్రమించినది. అయినను లింఫోసైటులు వృద్ధిపొందగలవా యని పరీక్షించుటకు రాజ్మా లెక్టిను నేటికిని ఉపయోగపడుచున్నది.

గృహస్థులకు సూచన

ఈ గింజలను పచ్చిగా తినినందున రక్షణశక్తి పెరుగదు. సరిగా ఉడకని రాజ్మా వాంతులను, విరేచనములను కలిగించును. దానిని కనీసము 5 గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్త నీటిలో కనీసము 10 నిమిషములు తెర్లించి, మెత్తబడువరకు ఉడికింపవలెను. సన్నని సెగ మాత్రము చాలదు. ఆముదపు గింజలలోని లెక్టిను ప్రాణాంతకమగు విషము. వానిని పిల్లలకు అందనీయరాదు.