టెంక పూసల మాల: కొనేముందు పరీక్షించండి



"ఇది చైనాలో పాత విహారం నుంచి వచ్చిన మాల, మహిమ గలది" అని ఎవరైనా అమ్మజూపితే ఏం చేస్తారు? పరంపరగా వస్తోందనో, చెప్పినవాడు గురువనో నమ్మవద్దని బుద్ధుడు కాలాములకు చెప్పాడు. పూసకూ అదే వర్తిస్తుంది.

ముందు వస్తువేమిటో చూద్దాం. పీచ్ పండు టెంక మీద, చైనా ఆలివ్ టెంక మీద సూక్ష్మంగా చెక్కే కళ మింగ్ వంశ కాలానికే పేరు పొందింది. 1737లో చెన్ జుజాంగ్ చెక్కిన ఆలివ్ టెంక పడవ తైపే జాతీయ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. పొడవు మూడున్నర సెంటీమీటర్ల లోపే. అందులో ఎనిమిది మంది మనుషులు, తెరిచి మూసే కిటికీలు!

మాలల్లో తరచుగా కనిపించేది 18 మంది అర్హతులు. మన ధాన్యకటకం చూసి వెళ్లిన హ్యుయాన్ త్సాంగ్ 654లో అనువదించిన గ్రంథంలో ఉన్నది 16 మందే. మిగతా ఇద్దరూ చైనాలో తర్వాత చేరారు.

పరీక్ష ఇలా చేయండి:

1. టెంకేనా? పీచ్ టెంకకు సహజమైన ముడతలుంటాయి. ఆలివ్ టెంక రెండు కొనలూ సన్నగా ఉంటుంది. భూతద్దంలో గాలి బుడగలు, అచ్చు అతుకు గీత కనబడితే అది రెజిన్.

2. చేతిపనేనా? అన్ని ముఖాలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించండి. చేత్తో చెక్కితే ఎంతో కొంత తేడా వస్తుంది.

3. పాతదేనా? రంగును బట్టి తేల్చకండి. నూనె, రంగు పూసి ముదురు చేస్తారు. ముక్కు, మోకాలు లాంటి ఎత్తు భాగాలు, దారం ఒరిసే రంధ్రం అంచు సహజంగా అరిగాయా చూడండి.

కాల్చిన సూది గుచ్చే పరీక్ష మాత్రం వద్దు. పూస పాడైపోతుంది.

ధర దేన్నిబట్టి? పనితనం, పూసలన్నీ ఉండటం, పగుళ్లు లేకపోవడం, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే కాగితం. పాతదైనంత మాత్రాన ఖరీదైనది కాదు. సుజౌ దగ్గరి నేటి మంచి కళాకారుడి పని, మోటుగా చెక్కిన పాతదానికన్నా ఎక్కువ పలకవచ్చు. మహిమకు మాత్రం ధర కట్టకండి.

చైనా భాషలోని ఒక సూత్రంలో, తీరికలేని రాజు సులువైన సాధన అడుగుతాడు. కుంకుడు జాతి గింజలు 108 గుచ్చుకుని త్రిరత్నాలను స్మరించమని జవాబు. రాజుకే కుంకుడు గింజలు సరిపోయాయి! మాల లెక్క కోసమే, శీలం మనం పాటించాల్సిందే. కళ నచ్చితే కళగానే కొనండి. అప్పు చేసి మాత్రం కొనకండి. ఆ డబ్బు పిల్లల చదువుకు పెట్టండి.

జై భీమ్.