కరెంటు చదువా? కంప్యూటర్ చదువా?

పదో తరగతి అయ్యాక ఏం చదవాలి అని మా క్లాసులో రోజూ మాట్లాడుకుంటున్నాం. ఇంటి దగ్గర అడుగుదామంటే, మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అందుకని నేను తెలుసుకున్నది మీ అందరికీ రాస్తున్నాను.

మొదట ఎలక్ట్రికల్ గురించి. మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం ఉన్నది. పైనుంచి పడే నీళ్లు టర్బైన్‌ను తిప్పుతాయి. టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది. అక్కడ ఒక్కొక్కటి 115 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. అంత కరెంటు దూరం పోవాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజి పెంచాలి. ఎందుకనగా వోల్టేజి 10 రెట్లు పెంచితే, అంతే పవర్‌కు తీగలో పారే కరెంటు 10వ వంతు చాలు. తీగ వేడెక్కి పోయే నష్టం 100వ వంతుకు తగ్గుతుంది. మన ఇళ్లకు వచ్చేసరికి మళ్లీ 230 వోల్టులకు దించుతారు. ఇదంతా ఎలక్ట్రికల్ వాళ్ల పని.

రెండోది కంప్యూటర్. దానికి తెలిసినవి 0, 1 రెండే. అంకెలు, అక్షరాలు, బొమ్మలు అన్నీ వాటితోనే. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి దానికి చెప్పడమే ప్రోగ్రామ్. దీనికి లెక్కలు, ఓపిక కావాలి. ఈ ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో ఉంటాయి.

దారి మాత్రం రెండింటికీ ఒకటే. పాలిసెట్ రాసి 3 ఏళ్ల డిప్లొమా చేయాలి. తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. లేదంటే ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఈఏపీసెట్ రాయాలి. డిప్లొమా అయితే, డబ్బులేక బీటెక్ దాకా పోలేకపోయినా ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది.

"ఆడపిల్లకు స్తంభాలెక్కే చదువెందుకే?" అంటాడు మా అయ్య. ఇంజనీరు పని స్తంభం ఎక్కడం కాదు. లైను ఎటు వేయాలి, ఎంత లోడుకు ఎంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, ఫాల్టు ఎక్కడుంది అని లెక్కగట్టడం. వానాకాలం తీగ మీద చెట్టు పడితే మా గూడెంలో రోజుల తరబడి చీకటే. ఆ లైను సంగతి తెలిసిన మనిషి మాలోంచి ఒకరు ఉండాలి. అందుకే నేను ఎలక్ట్రికల్ కోరుకుంటున్నాను. ప్రోగ్రాములు రాయడం ఎలక్ట్రికల్ వాళ్లు కూడా నేర్చుకోవచ్చు. ఎండాకాలం సెలవుల్లో ఇదంతా మా అయ్యకు విడమరిచి చెప్తాను.

మీరు మాత్రం నన్ను చూసి ఎంచుకోవద్దు, మీ ఇష్టం చూసుకోండి. ఏది చదవాలన్నా లెక్కలు, భౌతికశాస్త్రం గట్టిగా రావాలి. పాలిసెట్ పేపరు పదో తరగతి పాఠాల మీదనే వస్తుంది. రోజూ స్టడీ అవర్‌లో కలిసి లెక్కలు చేద్దాం, రండి!