పురుగనగానే నలిపేయకండి

పిల్లల చేత సీతాకోకచిలుక బొమ్మకు రంగులు వేయిస్తాం. దాని పిల్ల కరివేపాకు మొక్క మీద కనిపిస్తే మాత్రం వాళ్ల ముందే నలిపేస్తాం.

ఈసారి కరివేపాకు రెబ్బ మీద పిట్టరెట్టలాంటిది కనిపిస్తే కడిగేయకండి. పిల్లల్ని పిలిచి కాసేపు చూడమనండి, కదులుతుంది. పక్షులను ఏమార్చడానికి వేసిన వేషం అది. కొన్నాళ్లకు పచ్చగా మారుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. (ఒక్కసారి చాలు, ఆటగా మారనివ్వకండి.) ఓ రెండు వారాలు ఆకు తింటుంది, కాదనను. తాలింపుకు నాలుగు రెబ్బలు పక్కింట్లో అడిగితే సరి. ఒంటినిండా నూగున్న గొంగళిపురుగును మాత్రం ముట్టుకోనివ్వొద్దు, దురద పెడుతుంది.

ఈగల విషయంలో మన భయం కొంత న్యాయమే. అపార్ట్‌మెంటు సన్‌షేడ్ కింద వేలాడే పెద్ద తేనెపట్టు దగ్గరికి పిల్లలు పోకూడదు. మునగపూల చుట్టూ తిరిగే నల్ల తుమ్మెద సంగతి వేరు. మగదానికి ముల్లే ఉండదు. ఆడది కూడా చేత్తో పట్టుకుంటే తప్ప సాధారణంగా కుట్టదు. పైగా అది మన వంగమొక్కకు చుట్టం. వంగపువ్వులో పుప్పొడి సన్నటి రంధ్రాల వెనక ఉంటుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తే రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. "కుడుతుంది, లోపలికి రా" అనే బదులు "రెండడుగులు వెనక నిలబడి చూడు" అనండి.

బీరపాదు ఉంటే పని ఇంకా తేలిక. సాయంత్రం పూలు విచ్చుకునే వేళ, అడుగున పిందె ఉన్న పువ్వేదో లేనిదేదో వెతకమనండి. పుప్పొడి అందని పిందె పసుపు తిరిగి రాలిపోవడం వాళ్లే కనిపెడతారు.

మీరు చేయాల్సింది తక్కువ. తులసి వెన్నులు కొన్ని తుంచకుండా వదలండి. మట్టి మూకుట్లో గులకరాళ్లు వేసి, అవి మునగకుండా నీళ్లు పోయండి. రోజూ మార్చకపోతే దోమలు చేరతాయి. పెరడంతా గచ్చు చేయించకండి, నేలలో గూడు పెట్టే ఈగలున్నాయి. గులాబీ ఆకుల అంచుకు గుండ్రటి కోతలు పడ్డాయని మందు తేవద్దు, గూడు కట్టుకోవడానికి ఓ చిన్న ఈగ పట్టుకెళ్లిన ముక్కలవి. పేనుబంక మరీ ముదిరితే వేపనూనె చాలు. అదీ పొద్దుగుంకాక, పూత మీద పడకుండా.