తుపాకీతోపాటు టోర్నికెట్ కూడా

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరమైన అడ్డంకులేవీ లేనివాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. డాలస్, హ్యూస్టన్ వైపు స్థిరపడ్డ మనవాళ్లలోనూ కొందరు కొన్నారు. కొన్నాక షూటింగ్ రేంజ్‌కెళ్లి గురి నేర్చుకుంటారు. గుండు పొరపాటున ఒంట్లో దిగితే ఏం చేయాలన్నది మాత్రం 'తర్వాత చూద్దాం'లో పడిపోతుంది. తొడలోని పెద్ద ధమని తెగితే నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. అంబులెన్సు వచ్చేదాకా ఉండేది పక్కనున్న మనిషే.

ఆ మనిషిని సిద్ధం చేసేదే 'స్టాప్ ది బ్లీడ్' క్లాసు. 2012లో శాండీ హుక్ స్కూలు కాల్పుల తర్వాత సర్జన్లు మొదలుపెట్టిన ఆలోచన 2015లో వైట్‌హౌస్ ప్రచారోద్యమమైంది. మామూలు క్లాసు రెండు గంటల్లోపే అయిపోతుంది. అందులో నేర్పే వరస ఇది.

1. ముందు మీ భద్రత. రేంజ్‌లో ప్రమాదమైతే 'సీజ్ ఫైర్' (కాల్పులు ఆపండి) అని గట్టిగా అరవాలి. అందరి తుపాకులూ కిందికి దిగాకే గాయపడ్డవారి దగ్గరికి వెళ్లాలి.

2. ఫోన్. 'ఎవరైనా 911కి చేయండి' అంటే ఎవరూ చేయకపోవచ్చు. ఒకరిని వేలు చూపించి, 'మీరు చేయండి' అనాలి.

3. గాయం వెతకడం. బట్టలు కత్తిరించి చూడాలి. రక్తం చిమ్ముతున్నా, నేలమీద మడుగు కడుతున్నా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా ప్రాణాపాయమే.

4. చెయ్యి, కాలు అయితే టోర్నికెట్, అంటే పుల్ల తిప్పి బిగించి రక్తం ఆపే పట్టీ. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, మోకాలు, మోచేయి కీళ్లను తప్పించి పెట్టాలి. ముందు పట్టీని వీలైనంత బిగించి లాగాలి. అది వదులుగా ఉంటే తర్వాత పుల్ల ఎంత తిప్పినా లాభం ఉండదు. పట్టీ బిగిశాక రక్తం ఆగేదాకా పుల్ల తిప్పి, కొక్కెంలో ఇరికించి, కట్టిన టైము రాయాలి. క్లాసులో పక్కవాడు మీ తొడకి కట్టినప్పుడు తెలుస్తుంది అదెంత నొప్పో. నిజంగా గాయపడ్డ మనిషి 'వదిలేయండి' అని కేకలు పెడతాడు. ఆగకూడదు. ఒకసారి కట్టాక విప్పేది డాక్టర్లే.

5. మెడ, చంక, గజ్జ దగ్గర టోర్నికెట్ పట్టదు. అక్కడ గాజ్ గుడ్డ కూరాలి. క్లాసులో రబ్బరు నమూనా గాయం మీద ఇది చేయిస్తారు: గాయంలో వేలు దించి, రక్తం వచ్చే చోటు మీద గుడ్డ అదిమిపట్టి, రెండో చేతి వేలితో తర్వాతి మడత లోపలికి తోయాలి. పరుపులో దూది దట్టించినట్టు, ఖాళీ లేకుండా. ఆపైన రెండు చేతులూ వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా మోపాలి. రక్తం గడ్డకట్టించే మందున్న గాజ్ అయితే కనీసం మూడు నిమిషాలు, మామూలు గుడ్డయితే ఇంకా ఎక్కువసేపు. మధ్యలో ఎత్తి చూడాలనిపిస్తుంది. చూడకూడదు.

6. ఛాతీ, కడుపు. లోపలి రక్తస్రావాన్ని బయటి నుంచి ఆపలేం, గుడ్డ కూరకూడదు. త్వరగా ఆసుపత్రికి చేర్చడమే మందు. ఛాతీ గాయానికి అతికించే చెస్ట్ సీల్ సంగతి పెద్ద క్లాసుల్లో నేర్పుతారు.

7. చలి. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు. దుప్పటి కప్పాలి.

ఇక సామాను. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నకిలీ టోర్నికెట్ల పుల్ల బిగించేటప్పుడు విరిగిపోవచ్చు. నమ్మకమైన దుకాణంలోనే కొనాలి. రెండు కొని, ఒకదాన్ని సాధనకు కేటాయించాలి. సాధనలో అరిగినదాన్ని అసలు అవసరానికి దాచకూడదు. రెండోది రేంజ్ బ్యాగు పైజేబులో ఉండాలి. వెంట వచ్చేవారికి ఆ జేబు చూపించాలి, గుండు తగిలేది మీకే కావచ్చు. ఒక్క ఎడమ చేత్తోనే కట్టుకోవడం, చీకట్లో కట్టుకోవడం కూడా ఇంట్లో సాధన చేయాలి.

ఈ విద్య తుపాకీకే పరిమితం కాదు. గాజు తలుపు పగిలినా, ఊరొచ్చినప్పుడు హైవే మీద ప్రమాదం ఎదురైనా వరస ఇదే. మన ఊళ్లో 911 బదులు 108.