కంప్యూటరు మౌనము వహించినపుడు

తాటిపాక గాలిలో తేమ మెండు. ఇంట కూర్చుకొనిన కంప్యూటరు ఒక వానకాలపు ఉదయమున పంకా తిరుగుచున్నను తెర వెలుగక నిలిచిపోవచ్చును. అంతమాత్రమున మదర్‌బోర్డు చెడినదని వేల రూపాయలు వెచ్చింపరాదు.

తీగ ఊడదీసి, పవర్ మీటను ఒకసారి నొక్కి, మిగిలిన విద్యుత్తును పోనిండు. ఇనుప పెట్టెను తాకిన పిదపనే ర్యామును తీసి, పసిడిపూత అంచును పొడిగుడ్డతో తుడిచి, క్లిప్పు టక్కుమనువరకు అదుమవలెను. పలుమార్లు రోగమిక్కడనే కుదురును!

కుదరనిచో ఒక్క ర్యామునే ఉంచి ప్రతి స్లాటునందును పరీక్షింపుడు. లోపము ర్యాము వెంట పోయినచో ర్యాముది. స్లాటును విడువనిచో బోర్డుది, అరుదుగా ప్రాసెసరుది. డీడీఆర్3 ర్యాము 1.5 వోల్టులది, డీడీఆర్4 1.2 వోల్టులది; గాడులు వేరు, బలవంతముగా దూర్చరాదు. తేదీ మాత్రమే వెనుకకు పోవుచున్నచో 3 వోల్టుల బిళ్ల బ్యాటరీని మార్చిన చాలును.