కలరా సూక్ష్మజీవి పేను త్రాడు



విజయవాడ యొద్ద ప్రకాశము బరాజునుండి కృష్ణనీరు కాలువలలోనికి మఱలి డెల్టా గ్రామముల చెఱువులను నింపుచున్నది. ఆ నీటిని బిందె మూతికి గుడ్డ కట్టి వడగట్టుట మన అవ్వల వాడుక. “సూక్ష్మజీవి కంటికే కానరాదు గదా, గుడ్డ దాని నెట్లు పట్టును?” అని తరగతిలో నొక బాలుడు మమ్మడిగెను. ప్రశ్న చక్కనిది. సమాధానము సూక్ష్మజీవి యొడలినుండి వెలువడు వెండ్రుకవంటి పోగులో నున్నది.

1884లో రాబర్టు కాక్ పండితుడు కలకత్తాలో పరిశోధించిన కలరా సూక్ష్మజీవి పొడవు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు పాళ్లు మాత్రమే. గుడ్డ కన్నము దానికంటె ఎన్నో రెట్లు పెద్దది. కావున ఒంటరి సూక్ష్మజీవి గుడ్డను దాటిపోవును. కాని యది తఱచుగా ఒంటరిగా నుండదు. రొయ్యకు దూరపు చుట్టములైన మిక్కిలి చిన్న నీటిపురుగుల పెంకులను అంటిపెట్టుకొని యుండును. అంటుకొనుటకు సాయపడునవి పైలై అనబడు పోగులు. వాని లావు మిల్లీమీటరులో లక్షవ వంతునకు లోపుగానే యుండును.

పోగు పెరుగు విధము వినుడు. గడ్డిత్రాడు పేనునప్పుడు ఒకరు కుప్పయొద్ద గూర్చుండి పోచల నందించుచుండగా, మఱియొకరు కొసను మెలిపెట్టుచు వెనుకకు నడతురు. క్రొత్త గడ్డి చేరునది మొదటనే. పోగును అట్లే పెరుగును. పైలిన్ అను మాంసకృత్తు అణువులు సూక్ష్మజీవి పొరలో నిలువయుండును. పోగు మొదట ఆఱు భాగములు గల చక్రమువంటి యంత్రమొకటి యుండి, వానిని వరుసగా పోగునకు చేర్చును. అప్పుడు పోగు వెలుపలికి సాగును. భేదమొక్కటే: ఇచ్చట త్రిప్పు పనియు మొదటనే జరుగును. పోగును వెనుకకు లాగుటకు వేఱొక చక్రము కలదు. అది పైలిన్‌లను విప్పి తిరిగి పొరలో చేర్చును. 2018లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఇట్టి పోగునకు రంగు పట్టించి చూడగా, కలరా సూక్ష్మజీవి దానిని గాలమువలె చాచి, డి.ఎన్.ఏ. తునుకను పట్టి లాగుకొనుట కానవచ్చెను.

ఈ చక్రములకు ఇంధనము అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. 1929లో దీనిని కండరములలో కనుగొన్నవారు జర్మనీలో లోమన్ గారును, అమెరికాలోని హార్వర్డులో ఫిస్కె గారును, ఆయనతో గూడి పనిచేసిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారును. సుబ్బారావు గారు 1895లో భీమవరమున జన్మించిరి. నీరు చేదునప్పుడు మన చేతికి బలమిచ్చునదియు, ఆ నీటిలో సూక్ష్మజీవిచే త్రాడు పేనించునదియు ఒకే ఇంధనము!

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. గుడ్డ నీటిపురుగును పట్టినచో, దాని నంటియున్న సూక్ష్మజీవియు చిక్కును. బంగ్లాదేశములో 65 గ్రామములలో పరీక్ష జరిపి రీటా కాల్వెల్ గారును ఆమె తోడివారును 2003లో ఫలితమును ప్రకటించిరి. పాతచీరను పలు పొరలుగా మడిచి నీరు వడగట్టినచోట కలరా ఇంచుమించు సగము తగ్గెను. పాతచీరయే యేల? ఉతుకగా నుతుకగా నూలు మెత్తబడి కన్నములు చిన్నవగును.

సగము తగ్గుట గొప్పయే. కాని మిగిలిన సగములో మన యింటివారే యుండవచ్చును. కావున నీటిని వడగట్టి యూరకుండక, తెర్లకాచి త్రాగుడు. గుడ్డను ఉతికి యెండలో ఆరవేయుడు. అవ్వ చేసిన పని మంచిదే. దానికి పొయ్యిని తోడు చేయుట మన వంతు.